"కంప్యూటర్‌లో నలభై ఉండాయి సార్, ర్యాక్‌లో పదకొండే"

ప్రశ్న: మాది రేణిగుంట దగ్గర అరవై మంది పనిచేసే మెషినింగ్ యూనిట్. విమానాలకు వెళ్లే అల్యూమినియం బ్రాకెట్లు, చిన్న ఫిట్టింగులు చేసి బెంగళూరులోని ఒక పెద్ద కంపెనీకి పంపుతాం. వాళ్లు ఏడాదిలోగా మా పద్ధతి మొత్తం మార్చుకోమన్నారు. నెలకొకసారి కాదు, వారం వారం డెలివరీ ఇవ్వాలట, ఎక్సెల్ మానేసి ఈఆర్‌పీ (కొనుగోలు, స్టాక్, ఉత్పత్తి లెక్కలన్నీ ఒకేచోట ఉంచే సాఫ్ట్‌వేర్) పెట్టాలట. తొమ్మిదేళ్లుగా ప్లానింగ్ చూస్తున్నానని ఎండీ గారు నన్నే ప్రాజెక్ట్ లీడర్‌ను చేశారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు నాలుగు నెలలు చాలంటున్నారు. పనిలో పనిగా అనోడైజింగ్ (అల్యూమినియం మీద రక్షణ పొర ఏర్పరిచే పని) కూడా చెన్నై నుంచి మాన్పించి, దగ్గర్లో తక్కువ రేటుకు చేసేవాళ్లకు ఇద్దామని ఎండీ గారి ఆలోచన. పర్చేజ్, స్టోర్స్ వాళ్లు నా మాట వినరు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: స్టోర్స్‌లో. సాఫ్ట్‌వేర్ వాళ్లను ఒక నెల ఆగమని చెప్పి, ఆ నెలంతా ర్యాక్ ర్యాక్‌కూ తిరిగి ఉన్నదాన్ని లెక్కపెట్టించండి. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో (పేరు వద్దులెండి) ఆదివారం రాత్రి పాత షీట్లన్నీ కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించేసి సోమవారం కొబ్బరికాయ కొట్టాం, పదకొండింటికల్లా స్టోర్స్ అతను వచ్చి "కంప్యూటర్‌లో నలభై ఉండాయి సార్, ర్యాక్‌లో పదకొండే" అన్నాడు. ఆ తర్వాత మూడు వారాలు కాగితం మీదే నడిపాం. నాలుగు నెలలనేది సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి పట్టే కాలం, మీ ఐటమ్ లిస్టులో ఒకే బోల్టు మూడు పేర్లతో ఉంటే దాన్ని సరిచేయడం అందులో లేదు, అది మీ నెత్తినే.

పైగా మీ పనిలో అంకె ఒక్కటే సరిపోదు. ప్రతి కడ్డీకి మిల్లు ఇచ్చిన లాట్ నంబర్, దాని టెస్ట్ సర్టిఫికెట్, అది ఏ జాబ్ కార్డు మీద ఎన్ని ముక్కలైందీ అన్నీ దొరకాలి. కోయగా మిగిలిన ముక్క మీద నంబర్ లేకపోతే అది ఎంత మేలిరకం 7075 అల్యూమినియం అయినా స్క్రాప్ కిందే లెక్క. అలాంటివి మీ ర్యాకుల్లో ఎన్నున్నాయో ఇప్పుడే తేల్చుకోండి, ఆ లెక్క ఎండీ గారికి నచ్చకపోయినా సరే.

ఈ తిప్పలు పెద్దవాళ్లకూ తప్పలేదు. బోయింగ్ 787ను 2007 జూలై 8న ఆర్భాటంగా బయటికి తెచ్చి చూపించారు, అప్పటికి అసలు బోల్టులు దొరక్క చాలాచోట్ల తాత్కాలికమైనవి బిగించి ఉన్నాయి. రెక్కల్నీ బాడీ ముక్కల్నీ పెద్దపెద్ద భాగాలుగా వేరే దేశాల్లోని కంపెనీలకు అప్పగించారు, అవేమో సగం పని మిగిలుండగానే వచ్చిపడ్డాయి. 2008 మేలో ఇస్తామన్న మొదటి విమానం 2011 సెప్టెంబర్‌లో గానీ ఇవ్వలేకపోయారు. ఎయిర్‌బస్ ఏ380 కథ వేరు. హాంబర్గ్ వాళ్లూ తులూజ్ వాళ్లూ ఒకే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వేర్వేరు వెర్షన్లు వాడటంతో, తీరా బిగించబోతే వైర్ల పొడవు చాలలేదు. మీ మెషిన్ పక్కన అతికించిన డ్రాయింగ్, కస్టమర్ దగ్గరున్న డ్రాయింగ్ ఒకే రివిజనా? ఈ వారమే చూడండి.

అనోడైజింగ్ జోలికి మాత్రం ఇప్పుడు పోవద్దు. అది స్పెషల్ ప్రాసెస్, అంటే అయిపోయిన ముక్కను చూసి లోపల పని సరిగ్గా జరిగిందో లేదో పూర్తిగా చెప్పలేం, అందుకే చేసే పద్ధతికీ చేసేవాళ్లకీ ముందే ఆమోదం ఉండాలి. చాలామంది కస్టమర్లు నాడ్‌క్యాప్ (విమాన రంగంలో ఇలాంటి స్పెషల్ ప్రాసెస్‌లను తనిఖీ చేసి ఇచ్చేది) గుర్తింపు కూడా అడుగుతారు. వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా వెండర్‌ను మారిస్తే లాట్ మొత్తం వెనక్కి వస్తుంది. ఒప్పుకున్నా, ఏఎస్9102 అనే విమాన రంగ ప్రమాణం ప్రకారం ఆ మార్పు తగిలిన మేరకైనా ఫస్ట్ ఆర్టికల్ ఇన్‌స్పెక్షన్ (మొదటి ముక్కను డ్రాయింగ్‌తో పూర్తిగా సరిచూసి రాసిపెట్టడం) మళ్లీ చేయాలి. సిస్టమూ వెండరూ ఒకేసారి మారితే, రేపు మచ్చలు పడిన లాట్ వచ్చినప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో ఎవరూ చెప్పలేరు. ఈఆర్‌పీ కుదురుకున్నాక, పాత వెండర్ దగ్గరే రెండు నెలలకు సరిపడా సరుకు చేయించి పక్కన పెట్టుకుని, అప్పుడు మార్చండి.

వారం వారం డెలివరీ గురించి ఎవరూ మీకు చెప్పని మాట ఒకటుంది. నెలకు 200 ముక్కలు ఒక్క సెటప్‌లో (అంటే మెషిన్‌ను ఆ పనికి ఒక్కసారి సిద్ధం చేసి) చేసేవాళ్లు వారానికి 50 చేస్తే సెటప్ నాలుగుసార్లు. సెటప్ టైమ్ తగ్గించకుండా ఒప్పుకుంటే మెషిన్ గంటలు పోతాయి, లేదా నెల సరుకు ఒకేసారి చేసి మీ గోడౌన్‌లో పెట్టుకుని విడతలుగా పంపుతారు, అంటే కస్టమర్ స్టాక్ మీ డబ్బుతో మోస్తున్నట్టు! కాబట్టి మధ్యలో మార్చని షెడ్యూల్ కస్టమర్ ఎన్ని వారాలకు ఇస్తారో ముందే రాయించుకోండి.

కొత్త సిస్టమ్‌ను ఒక్క బ్రాకెట్ల కుటుంబంతో మొదలుపెట్టి రెండు నెలలు పాతదీ కొత్తదీ కలిపి నడపండి. రెండు చోట్లా ఎక్కించాలంటే అందరూ విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. ముహూర్తం మార్చి నెలాఖరున గానీ బ్రహ్మోత్సవాల్లో గానీ పెట్టకండి, సగం మంది సెలవులో ఉంటారు, మిగతా సగం మంది ఇళ్లలో చుట్టాలుంటారు.

ఇక మాట వినకపోవడం. ఏ విషయంలో ఎవరిది తుది మాటో ఎండీ గారి చేత ఒక్క కాగితం మీద రాయించండి. రోజూ పొద్దున పర్చేజ్, స్టోర్స్, క్వాలిటీ వాళ్లను స్టోర్స్ కిటికీ దగ్గర పావుగంట నిలబెట్టి ఒకటే అడగండి: ఈ వారం ఏది లేక ఏ జాబ్ ఆగబోతోంది? పాత గొడవలు ఎవరైనా తీస్తే టీకి పంపేయండి.

ప్రశ్న: అన్నిటికీ బార్‌కోడ్ అతికిస్తే ట్రేసబిలిటీ (ఏ ముక్క ఏ సరుకు నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి కనుక్కోగలగడం) వచ్చేసినట్టే కదా సార్?
– పుత్తూరు నుంచి ఒకరు

జవాబు: రాదు. మన చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలో డ్రమ్ము మీద లాట్ నంబర్ ఉంటుంది, కానీ ఆ లాట్‌లోకి ఏ లారీల తోతాపురి పోసారో గేటు దగ్గర రాయకపోతే ఆ నంబర్‌తో ఏం చేసుకుంటారు? స్కానర్ కొనేముందు, రెండేళ్ల కిందట పంపిన ముక్క ఒకటి తీసుకుని దాని మిల్లు సర్టిఫికెట్ దాకా వెనక్కి వెళ్లి చూడండి. గంటలో దొరికితే స్కానర్ కొనండి.

ప్రశ్న: మెకానికల్ డిప్లొమా చివరి ఏడాది. విమాన విడిభాగాల కంపెనీల్లో సప్లై చెయిన్ ఉద్యోగానికి ఏ కోర్సు చేయాలి?
– ఒక విద్యార్థిని, చిత్తూరు

జవాబు: కోర్సు తర్వాత చూద్దాం తల్లీ. డ్రాయింగ్ చదవడం, టాలరెన్సులు (కొలతలో ఎంత తేడా ఒప్పుకుంటారో) అర్థం చేసుకోవడం, ఎక్సెల్ బాగా రావాలి. మొదటి ఉద్యోగం స్టోర్స్‌లోనో ఇన్‌కమింగ్ ఇన్‌స్పెక్షన్‌లోనో వస్తే చిన్నదని వదులుకోకు, సర్టిఫికెట్లు చదవడం అక్కడే వస్తుంది. ఏఎస్9100 (విమాన రంగ క్వాలిటీ ప్రమాణం) ఆడిట్ జరుగుతుంటే ఫైళ్లు మోసే పనైనా అడిగి తీసుకో.