పండగ వంటలు మిగిలితే: భోజనాలు చేసి లేచిన గంటలోనే చూసుకోవాల్సినవి

చి.ల.సౌ. మాధవికి,

పిన్ని ఆశీస్సులు. ఈ సంక్రాంతికి మీ ఇంట్లో పదిహేను మంది భోజనాలన్నావు. పదిహేను మందికని పొయ్యి వెలిగిస్తే ఇరవై మందికి సరిపడా దిగుతుంది, పండగ వంట ఎప్పుడూ అంతే. మిగిలినవి ఏం చెయ్యాలని అడిగావు. మర్నాడు పొద్దున్న ఫ్రిజ్ తలుపు తీసి ఆలోచిస్తే సగం ఆలస్యమైనట్టే. అందరూ భోజనాలు చేసి లేచిన గంటలో నువ్వు ఏది ఎలా సర్దావో దాన్నిబట్టే మర్నాటి వంట ఉంటుంది.

ముందు ఏది త్వరగా పాడవుతుందో చూసుకో. కొబ్బరి పచ్చడి, పెరుగు పచ్చడి, పాలు పోసిన పరమాన్నం అన్నిటికంటే ముందు పోతాయి. వాటి వెనకే తెల్లన్నం, పప్పు. చింతపండు పడింది కాబట్టి పులిహోర, గుమ్మడికాయ దప్పళం కాస్త ఓపిక పడతాయి. అరిసెలు, జంతికలు డబ్బాలో రోజుల తరబడి ఉంటాయి, వాటి గురించి కంగారు అక్కర్లేదు. పాడయ్యేవన్నీ పొయ్యి దించిన రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. పెద్ద గిన్నెని వేడిగా అలాగే తోసెయ్యకు. పైన చల్లబడినా నడిమధ్య గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది, పక్కనున్నవాటిని కూడా వేడెక్కిస్తుంది. చిన్న చిన్న స్టీలు డబ్బాల్లో సర్దు. పులుపున్నవి మాత్రం కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో ఉంచకు. చిలుమెక్కుతాయి, ఒంటికీ మంచిది కాదు.

అన్నం అంటే అందరికీ అలుసు. నిజానికి భయపడాల్సింది దానికే. బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు బియ్యంలో ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గిన్నెలో పడి ఉంటే అవి మొలకెత్తి విషం చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. 'వేడి చేసేస్తే సరిపోతుందిలే' అన్న మాట అన్నం దగ్గర చెల్లదు. వెడల్పాటి పళ్లెంలో అంగుళం మందాన పరిచి, ఆవిరి పోగానే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచు, మర్నాటికల్లా వాడెయ్యి.

ఆ చల్లన్నంతో రొట్టె చెయ్యి, పిల్లలు కూడా తింటారు. కప్పు అన్నాన్ని చేత్తో మెత్తగా మెదిపి, అర కప్పు బియ్యప్పిండి, ఒక ఉల్లిపాయ ముక్కలు, రెండు పచ్చిమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు వేసి నీళ్లు చిలకరిస్తూ కలుపు. నూనె రాసిన చల్లటి పెనం మీద పల్చగా తట్టి, నాలుగు చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి చిన్న మంట మీద ఆరేడు నిమిషాలు ఉంచి తిరగెయ్యి. అన్నం సరిగ్గా మెదపకపోతే అంచులు పగులుతాయి. నీళ్లు ఎక్కువైతే పైన ఎర్రగా ఉన్నా లోపల బంకబంకగా ఉంటుంది, అప్పుడు ఇంకో రెండు చెంచాల పిండి కలుపు.

పులిహోర మిగిలేలా ఉందని కలిపేటప్పుడే తెలుస్తుంది కదా, అన్నమంతా కలిపెయ్యకు. ఉడికించిన పులుసు గుజ్జు విడిగా ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, కలిపిన అన్నం ఉండదు. ఫ్రిజ్‌లో పెట్టిన పులిహోర మెతుకు బిరుసెక్కుతుంది. దాన్ని బాణలిలో వేయిస్తే పల్లీలు మాడతాయి, మెతుకు మరీ గట్టిపడుతుంది. ఇడ్లీ పాత్రలో బాగా పొగలు కక్కేదాకా ఆవిరి పట్టి, గుప్పెడు పల్లీలు కొత్తగా వేయించి పైన వెయ్యి.

ఇక గారెలు. కనుమ నాడు మినుము తినాలంటారు, అందుకని ఎవరింట్లో చూసినా కొండంత మిగులుతాయి. మళ్లీ నూనెలో వెయ్యాలని చూడకు, నూనె తాగేస్తాయి. పెరుగు గారెలు చెయ్యి. చల్లారి గట్టిపడ్డ గారెల్ని సరాసరి పెరుగులో వేస్తే మర్నాటికి కూడా మధ్యలో ఉండ అలాగే ఉంటుంది, వేగిన పైపొర దాటి చల్లటి పెరుగు లోపలికి ఇంకదు. అందుకని గిన్నెడు నీళ్లు కాచి, కాస్త ఉప్పు వేసి, పొయ్యి కట్టేసి అందులో వేసి పది నిమిషాలు వదిలెయ్యి. ఒకటి తీసి చిల్లు పక్కన వేలితో నొక్కి చూడు, గట్టిగా తగిలితే ఇంకో మూడు నిమిషాలు. తర్వాత రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా అదుము. నీళ్లతో పాటు నూనె కూడా కొంత దిగిపోతుంది. పిండితే మాత్రం విడిపోతాయి.

పది గారెలకి అర లీటరు పెరుగు కావాలి, పులవని పెరుగు. ఉప్పు, అల్లం పచ్చిమిర్చి ముద్ద వేసి చిలికి, జారుగా ఉండేలా నీళ్లు కలుపు. గారెలు పీల్చుకునేది చాలా ఉంటుంది కాబట్టి ఒక కప్పు పెరుగు వేరే ఉంచి వడ్డించేటప్పుడు పొయ్యి. పోపు చల్లారాకే వెయ్యి, వేడిది వేస్తే పెరుగు విరిగి నీళ్లు తేలుతుంది. ఉల్లిపాయ వేసిన గారెలు దీనికి పనికిరావు, రాత్రికి రాత్రే వాసన వస్తుంది. వాటిని వేడి చారులో వేసుకుని ఆ పూటే తినెయ్యడం నయం.

రుబ్బిన గారెల పిండి మిగిలిందనుకో, ఉప్పు వెయ్యకుండా ఫ్రిజ్‌లో పెట్టు, ఉప్పు పడితే నీరు కారుతుంది. మర్నాడు దాంతో మినపరొట్టె వేసుకోవచ్చు. కప్పు పిండికి కప్పు ఇడ్లీ రవ్వ గంట నానబెట్టి, నీళ్లు గట్టిగా పిండేసి అందులో కలుపు. మందపాటి మూకుట్లో రెండు చెంచాల నూనె వేసి, అరచెయ్యి మందాన పోసి, మూత పెట్టి సన్నని సెగ మీద పావుగంట. మంట పెద్దదైతే అడుగు మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. బూరెల పై పిండి మిగిలితే పచ్చిమిర్చి, జీలకర్ర వేసి అట్లు పోసుకో, దానికంతకన్నా ఆలోచన అక్కర్లేదు.

పూర్ణం మిగిలితే అదృష్టమే. ఉండలు చేసి ఫ్రీజర్‌లో పెడితే నెల దాకా బాగుంటాయి, కావలసినప్పుడు బొబ్బట్లు చేసుకోవచ్చు. జారుగా అనిపిస్తే చెంచా నెయ్యి వేసి బాణలికి అంటుకోనంత వరకు దగ్గరపడనివ్వు. పాయసమైతే ఇంకా తేలిక. కప్పు పూర్ణాన్ని అర కప్పు నీళ్లలో సన్న మంట మీద కరిగించి దించు. అది గోరువెచ్చగా అయ్యాక, కాచి అంతే వెచ్చగా ఉంచిన రెండు కప్పుల పాలు పొయ్యి. మళ్లీ పొయ్యి ఎక్కించావంటే బెల్లానికి పాలు విరుగుతాయి. గట్టిపడ్డ బెల్లం పొంగలికీ ఇదే పద్ధతి: ముందు వేడినీళ్లతో వదులు చేసి, దించాక పాలు.

ముద్దపప్పుతో పప్పుచారు ఎవరైనా పెడతారు. చపాతీ పిండిలో కూడా కలిపి చూడు. కప్పు పప్పుకి రెండు కప్పుల గోధుమపిండి సరిపోతుంది, నీళ్లు ముందే పొయ్యకు, పప్పులో తడే దాదాపు చాలు. కలిపాక ఎక్కువసేపు ఉంచితే జిగురెక్కుతుంది, పావుగంటలో ఒత్తెయ్యి. బంగాళాదుంప కూర బోండాలకి వెళ్తుంది. వంకాయ, చిక్కుడుకాయ కూరలు దప్పళంలో పడతాయి, కాకపోతే పులుసు మరిగాక చివర్లో వెయ్యి, లేదంటే ముద్దయిపోతాయి.

కనుమ నాటి కోడికూర రెండు రోజుల్లో అయిపోవాలి. ప్రతిసారీ గిన్నెంతా వేడి చేసి మళ్లీ లోపల పెట్టడం అందరూ చేసే పొరపాటు. కావలసినంత మాత్రం తీసుకుని కుతకుత ఉడికించు. ఎముకలు తీసేసి, మిరియాల పొడి వేసి దగ్గరగా వేపితే అట్టులో పెట్టుకోవడానికి బాగుంటుంది.

పూజలో కొట్టిన కొబ్బరి చిప్పలు ఆ రోజే తురిమి ఫ్రీజర్‌లో పెట్టు. రెండు కప్పుల తురుముకి కప్పు బెల్లం వేసి, చెయ్యి తడిచేసుకుని ఉండ కట్టి చూస్తే నిలిచేదాకా ఉడికిస్తే లౌజు ఉండలు వస్తాయి. నల్లబడ్డ అరటిపళ్లు రెండు మెదిపి, కప్పు గోధుమపిండి, అర కప్పు బెల్లం తురుము, యాలకుల పొడి కలిపి చిన్న చిన్న పునుగుల్లా వేయించు. మంట మధ్యస్థంగా ఉండాలి, బెల్లం త్వరగా నల్లబడుతుంది.

అవి వేయించడానికి బూరెల నూనె వాడకు. వేయించగా మిగిలిన నూనెని చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టి, రెండు మూడు రోజుల్లో పోపులకీ కూరలకీ ఖర్చు చేసెయ్యి. అడుగున మిగిలిపోయిన పిండి నలకలే నూనెని త్వరగా చెడగొడతాయి. మన దేశంలో వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్లు, అంటే నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. ఇంట్లో అది కొలవలేం కాబట్టి కళ్లతో చూసుకో: నల్లబడినా, జిడ్డుగా సాగినా, నురగ కట్టినా, పెట్టిన కాసేపటికే పొగ వచ్చినా పారబొయ్యి. సింకులో మాత్రం పొయ్యకు, గొట్టంలో పేరుకుంటుంది.

ఎవరికైనా పంచాలనుకుంటే ఆ మధ్యాహ్నమే పంపు. మనం రెండు పూటలు తిని విసిగిపోయాక ఇచ్చేది ఇవ్వడం కాదు. ఇంకోటి, బోలెడంత అన్నం, బూరెలు తీసుకెళ్లి వీధిలో ఆవు ముందు కుమ్మరించకు. పిండి పదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే దాని కడుపులో ఆమ్లం పెరిగి ఉబ్బరం వస్తుంది, ప్రాణం మీదికి రావచ్చు కూడా. కూర తరిగిన తొక్కలు, అరటి తొక్కలు పెట్టు చాలు.

ఉంటాను,
పిన్ని