ముందే "ఎవరు చేశారు" అనకు

చిట్టితల్లీ,

పరవాడ ప్లాంటులో నిన్ను షిఫ్ట్ ఇన్‌ఛార్జిని చేశారని నాన్న ఫోన్‌లో చెప్పాడు. గర్వంగా ఉంది. భయంగానూ ఉంది. రసాయనాలు కలిపి చర్య జరిపించే రియాక్టర్ బ్లాక్ కదా, పైగా ఆపరేటర్లలో సగంమంది నీకంటే పెద్దవాళ్ళు.

రోస్టర్ వారం ముందే అంటించు. ఓవర్‌టైమ్ గంటలు ఏరోజువి ఆరోజే ఎక్కించు. రెట్టింపు రేటు వాళ్ళ హక్కు, నీ దయ కాదు. షిఫ్ట్ అప్పగింత రియాక్టర్ దగ్గర నిలబడి చేయించు.

నా భయమంతా వేరే. 10 డిగ్రీలు దాటకూడని రియాక్షన్‌లో 12 వచ్చిందని ఆపరేటర్ పరుగున వచ్చి చెప్తాడు. "ఎవరు చేశారు?" అని నోరు జారుతుంది. అంతే, అతను మళ్ళీ నీ దగ్గరికి రాడు. వచ్చే బ్యాచ్‌లో 12 చూసి లాగ్‌షీట్‌లో 9 రాస్తాడు. అలాంటి షీట్‌ని పోల్చుకోవచ్చు: గంటగంటకీ రాయాల్సిన రీడింగులన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉంటాయి. రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లో బ్రైన్, అదే చల్లటి ఉప్పునీళ్ళు, సరిగా తిరగడం లేదని నీకు తెలిసేసరికి రియాక్షన్ చెయ్యి దాటిపోతుంది. మనుషులు పోతారమ్మా.

అందుకని ముందు ఇవే అడుగు: ఫీడ్ (లోపలికి పోసే సరుకు) ఆపారా? ఇప్పుడెంతుంది? దగ్గర ఎవరున్నారు? అడిగి, నువ్వే వెళ్ళు. జరిగిన తేడాని (డీవియేషన్) అతని మాటల్లోనే రాయించు. కారణం తేలాక అతనికి తిరిగి చెప్పు, చాలామంది మరిచిపోయేది ఇదే. వాల్వు అరిగిందని తేలితే, అతను చెప్పబట్టే దొరికిందని అందరి ముందూ అను. తప్పు అతనిదే అయితే పక్కకు పిలిచి మాట్లాడు. మేనేజర్ అడిగితే మాత్రం "నా షిఫ్టులో జరిగింది" అనాలి, ఆపరేటర్ పేరు ముందుకు తోయకూడదు.

ఇంత చేసినా ఈల్డ్ (బ్యాచ్‌కి చేతికొచ్చే సరుకు) వెంటనే పెరగలేదని దిగులుపడకు. 2002లో డర్క్స్, ఫెరిన్ అనే పరిశోధకులు అంతకుముందు అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, పైవాళ్ళ మీద నమ్మకానికి ఉద్యోగ తృప్తితో గట్టి సంబంధం కనిపించింది; పనితీరుతో ఉన్నది తక్కువే. ఈల్డ్‌కి ముడిసరుకూ యంత్రాలూ కూడా కలిసిరావాలి మరి. నీకు ముందుగా కనిపించేది, మానేసి వెళ్ళాలని చూసేవాళ్ళు తగ్గడం.

నైట్ షిఫ్టులో అన్నం మానకు, చెప్తే వినవు నువ్వు. మొదటి రోస్టర్ అంటించకముందు నాకు పంపు, పండగ నైట్లు ఎవరికి పడ్డాయో చూస్తాను.

మీ పెదనాన్న