పలుచని కొత్త టాబ్లెట్ కోసం ఆగాలా? మిల్లుల చుట్టూ తిరిగే అకౌంటెంట్ జవాబు

ప్రశ్న: "అయిదు మిల్లీమీటర్ల మందం, అర కిలో బరువు అంటూ త్వరలో రాబోయే ఒక టాబ్లెట్ గురించి యూట్యూబ్‌లో ఒకటే హడావిడి. నాది నల్గొండ, బైక్ మీద తిరుగుతూ అకౌంట్స్ చూసే పని. ల్యాప్‌టాప్ కొనకుండా దాని కోసం ఆగమంటారా?"

ఇప్పుడున్న ల్యాప్‌టాప్ మొరాయిస్తుంటే ఆగకండి, ల్యాప్‌టాపే కొనండి. ఇంకో ఏడాది లాక్కొచ్చేలా ఉంటే ఆగి చూడండి. అంతేగానీ, టాబ్లెట్ వస్తే ఇక ల్యాప్‌టాప్ అక్కర్లేదన్న లెక్కతో మాత్రం ఆగొద్దు.

నేనుండేది మిర్యాలగూడలో. సాగర్ ఎడమ కాలువ కింద పండే వడ్లు చేరే ఊరు కాబట్టి మిల్లులకు కొదవ లేదు, నాకు పని కూడా అక్కడే. రెండు కిలోలకు పైగా బరువున్న ల్యాప్‌టాప్, దాని చార్జరు, ఫైళ్లు వీపున వేసుకుని మిల్లు మిల్లుకూ తిరిగేవాడికి అర కిలో అనే మాట వింటే నోరూరదా? నాకూ ఊరింది. అందుకే కంపెనీలు చెప్పే అంకెలు కాస్త దగ్గరగా చూశాను.

ఐప్యాడ్‌నే తీసుకోండి. 2010లో వచ్చిన మొదటిది 13.4 మిల్లీమీటర్ల మందం, 680 గ్రాములు. 2024లో వచ్చిన 13 అంగుళాల ప్రో 5.1 మిల్లీమీటర్లు, 579 గ్రాములు. పద్నాలుగేళ్లలో మందం సగానికి పైగా తగ్గింది, తెర పెద్దదైంది. చార్జింగ్ ఎన్ని గంటలొస్తుందంటే మాత్రం కంపెనీ మాట అప్పుడూ పది గంటలే, ఇప్పుడూ పది గంటలే. చిప్ ఎంత పొదుపుగా నడిచినా గంటలు మాత్రం పెరగలేదు. ఆ పది గంటలు కూడా నీడలో కూర్చుని వై-ఫైలో వీడియో చూసేవాడికి. కల్లంలోనో, కాంటా దగ్గరో వెలుతురు పూర్తిగా పెంచి వాడితే అన్ని గంటలు రావు.

ఇక బరువు. వీడియోలో చూపించేది ఒట్టి టాబ్లెట్‌ని. వోచర్లు కొట్టాలంటే కీబోర్డు కావాలి కదా! అదే 13 అంగుళాల ప్రోకి కంపెనీ కీబోర్డు తగిలిస్తే మొత్తం బరువు ఇంచుమించు అదే కంపెనీ ల్యాప్‌టాప్, 1.24 కిలోల మ్యాక్‌బుక్ ఎయిర్ దగ్గరికి వచ్చేస్తుంది. డబ్బు మాత్రం దానికన్నా ఎక్కువే అవుతుంది.

మన పనిలో అసలు చిక్కు వేరే ఉంది. మనం లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ విండోస్ మీద నడిచేది. టాబ్లెట్‌లో రిపోర్టులు చూసుకోవచ్చు, ఆఫీసు కంప్యూటర్‌ని దూరం నుంచి తెరిచి పని చేయొచ్చు, కానీ మిల్లులో కరెంటు పోతే నెట్ కూడా పోతుంది. ఆ తర్వాత డీఎస్‌సీ డాంగిల్, అంటే డిజిటల్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటిది. ప్రొప్రయిటర్, పార్ట్‌నర్‌షిప్ మిల్లులైతే జీఎస్టీ రిటర్న్ ఓటీపీతో వేసేయొచ్చు. కంపెనీ, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) అయితే డీఎస్‌సీ తప్పదు. ఆ డాంగిల్ పెద్ద యూఎస్‌బీది, టాబ్లెట్‌కి ఉండేదేమో ఒకే ఒక్క చిన్న పోర్టు. కన్వర్టర్ పెట్టారే అనుకోండి, ఆ డాంగిల్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, ఎక్కడ ఎక్కించాలి? విండోస్ టాబ్లెట్ అన్నా సరే, ప్రాసెసర్ ఏమిటో అడగండి. ఫోన్లలో ఉండే తరహా ఆర్మ్ చిప్ ఉన్న విండోస్ పాత సాఫ్ట్‌వేర్‌ని ఎలాగోలా నడిపిస్తుంది గానీ పాత డ్రైవర్లను నడపలేదు. ఆఖరి రోజైన ఇరవయ్యో తారీఖు సాయంత్రం నెలవారీ జీఎస్టీ రిటర్న్ 3బీ వేసేటప్పుడు ఈ సంగతి తెలిస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

ఎండ సంగతి ఏ రివ్యూలోనూ సరిగా చెప్పరు. ఆపిల్ తన ఐప్యాడ్‌లను 35 డిగ్రీల లోపు వాడమంటుంది. మన దగ్గర యాసంగి వడ్లు మిల్లుకొచ్చేదే ఏప్రిల్, మే నెలల్లో. అప్పుడు పొద్దున పదింటికే 35 దాటిపోతుంది. నా దగ్గర పది అంగుళాల ఆండ్రాయిడ్ టాబ్లెట్ ఒకటుంది, కంపెనీ పేరెందుకులెండి. మేలో మధ్యాహ్నం దాన్ని బ్యాగులోంచి తీస్తే ముందు వెలుతురు తనంతట తనే తగ్గిపోతుంది. చార్జింగ్ పెడితే, వేడి తగ్గేదాకా ఎక్కించనని మెసేజ్ వస్తుంది. దానికితోడు ఊక దుమ్ము చార్జింగ్ పోర్టులో చేరి పిన్ను సగమే దిగుతుంది. టూత్‌పిక్‌తో మెల్లగా గీరి తీసుకోవాలి. ఇంకా పలుచన చేస్తే ఆ వేడి ఎటు పోతుందనేది నా అనుమానం.

అయినా దాన్ని అమ్మెయ్యలేదు, అమ్మను కూడా. వేబ్రిడ్జి స్లిప్పుల కోసం! వేడి తగిలితే అచ్చయ్యే ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. లారీ కాంటా దిగగానే స్లిప్పును ఫొటో తీసి, తేమ ఎంత, తరుగు ఎంత తీశారో ఫొటో పక్కనే తెర మీద పెన్నుతో రాసేస్తాను. నిలబడి ఒక చేత్తో చేసుకునే ఈ పని ల్యాప్‌టాప్‌తో కాదు. మొదట్లో ఒక మిల్లు గుమస్తా "ఇదేంది సారూ, పలక పట్టుకొచ్చినవ్?" అని నవ్విండు. ఇప్పుడు స్లిప్పు కనపడకపోతే ఆయనే ఫోన్ చేసి అడుగుతడు. ఇలాంటి పనికి తేలికైనది నిజంగా వరమే. కానీ దానికి లక్ష రూపాయల వస్తువు అక్కర్లేదు.

ముందే ఆశపడితే ఏమవుతుందో ఇదివరకూ చూశాం. 2006లో మైక్రోసాఫ్ట్ ఓరిగామి పేరుతో చేసిన హంగామాకి ఏడు అంగుళాల బుల్లి విండోస్ కంప్యూటర్లు వచ్చాయి. ధర చూసి, బ్యాటరీ చూసి జనం పక్కకు తప్పుకున్నారు. 2011 అక్టోబర్‌లో ఢిల్లీలో విడుదలైన ఆకాశ్ టాబ్లెట్‌ని బిగించింది మన హైదరాబాద్‌లోనే. ధర భలే తక్కువ. కానీ 256 ఎంబీ ర్యామ్, వేలితో గట్టిగా నొక్కితే గానీ పలకని తెర.

కాబట్టి మొదటి రోజు బుకింగ్ వద్దు. ఒక ఎండాకాలం గడవనివ్వండి, కొన్నవాళ్లు ఏమంటారో వినండి. షాపుకి వెళ్లేటప్పుడు మీ డీఎస్‌సీ డాంగిల్ జేబులో వేసుకెళ్లి, అక్కడే పెట్టి చూపించమనండి. కీబోర్డుతో కలిపి చేతిలో పట్టుకుని చూడండి, రేటు కూడా కలిపే అడగండి. మీరు చూసేవన్నీ చిన్న షాపుల లెక్కలేనా, కంపెనీలు కూడా ఉన్నాయా అన్నది ప్రశ్నలో రాయలేదు. కంపెనీలు లేకపోతే, ట్యాలీ పని ఇంటికొచ్చి చేసుకునే అలవాటే ఉంటే, పదిహేను ఇరవై వేల మామూలు టాబ్లెట్ ఒకటి ఇప్పుడే కొనుక్కుని, ఉన్న ల్యాప్‌టాప్‌ని ఇంట్లోనే ఉంచేయొచ్చు.