డాక్టర్ మనల్ని చూసేది సాయంత్రం ఎనిమిదింటికి, నొప్పి ఉండేది తెల్లవారుజామున

మీరు అడిగింది ఇది: "మా చెల్లికి 19 ఏళ్లు. రెండేళ్లుగా నడుము నొప్పి, నీరసం. ముగ్గురు డాక్టర్లకు చూపించాం. ఈ వయసులో ఏముంటుంది, టెన్షన్ అంటున్నారు. ఎలా చెబితే పట్టించుకుంటారు?"

మీ చెల్లి స్థానంలో నేను ఐదేళ్లు ఉన్నాను.

2013లో ఇంటర్‌లో చేరి విజయవాడలో హాస్టల్లో ఉండేదాన్ని. రాత్రి మూడు, మూడున్నరకి నడుము కింద, పిర్రల దగ్గర పట్టేసి మెలకువ వచ్చేది. పడుకునే కొద్దీ ఎక్కువయ్యేది. లేచి వరండాలో నాలుగు చుట్లు తిరిగితే కాస్త తగ్గేది. పొద్దున స్టడీ అవర్లో కింద కూర్చున్నాక లేవాలంటే పక్కనున్న అమ్మాయి చెయ్యి అందించాలి. పది, పదకొండు అయ్యేసరికి మళ్లీ మామూలు మనిషిని.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మేం డాక్టర్ దగ్గరికి వెళ్లేది ఎప్పుడు? నాన్న డ్యూటీ దిగాక, సాయంత్రం ఓపీకి. టోకెన్ తీసుకుని రెండు గంటలు కూర్చుంటే ఎనిమిదింటికి పిలిచేవాళ్లు. ఆ టైముకి నేను చకచకా నడుచుకుంటూ లోపలికి వెళ్లేదాన్ని. వంగమంటే వంగాను. ఎక్స్‌రే బాగుంది. రక్తపరీక్షలో ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్, కాబట్టి కీళ్లవాతం లేదన్నారు. "చదువు టెన్షనమ్మా, పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి" అని కాల్షియం, విటమిన్ డి, గ్యాస్ బిళ్ల రాశారు. బయటికొచ్చాక నాన్న "ఆ ఫోను చూడటం తగ్గించు" అన్నారు. డాక్టరే కొట్టిపారేశాక ఇంట్లోవాళ్లు మాత్రం ఎందుకు నమ్ముతారు? ఒక దశలో నాకే అనుమానం వచ్చింది, నిజంగానే నేను ఊహించుకుంటున్నానేమో అని.

ఇంకో సంగతి. నొప్పి నాది, మాటలన్నీ నాన్నతో. "అమ్మాయికి నెలసరి సరిగ్గా వస్తోందా?" అని కూడా నాన్ననే అడిగారొకరు. ఆయన ఏం చెప్పాలో తెలియక గోడ మీద క్యాలెండర్ వైపు చూశారు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను! ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్లకి మూడు రోజులు హాయిగా ఉండేది, అందులో ఏం మందుందో చీటీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. తర్వాత పెద్ద డాక్టర్ అడిగితే చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు.

2018 సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మా అమ్మ ఒక పని చేసింది. పాలు పెట్టడానికి ఐదింటికి లేచి, నేను మంచం దిగడానికి పడుతున్న అవస్థ చూసి, గుమ్మంలో నిలబడి ఫోన్లో వీడియో తీసింది. ముందు పక్కకి దొర్లాను. మోచెయ్యి ఆనించి మంచం పట్టె పట్టుకున్నాను. కాళ్లు ఒక్కొక్కటిగా కిందికి జార్చి ఆగాను. లేవబోయి మళ్లీ కూలబడ్డాను. నిలబడ్డాక కూడా నడుము వంగే ఉంది, గోడ పట్టుకుని బాత్‌రూం దాకా వెళ్లాను. అంతా కలిపి మూడు నిమిషాల నలభై సెకన్లు. చివర్లో "మెల్లగా తల్లీ" అని అమ్మ గొంతు వినిపిస్తుంది.

ఆ నెలలోనే నా కుడి కన్ను ఎర్రబడి, లైటు వైపు చూడలేనంత నొప్పి వచ్చింది. మెడికల్ షాపులో కళ్లకలకని చుక్కలిచ్చారు. తగ్గకపోతే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ చాలాసేపు పరీక్ష చేసి, "పొద్దున్నే నడుము పట్టేస్తుందా అమ్మా?" అని నన్నే అడిగారు. ఐదేళ్లలో ఆ మాట అడిగిన మొదటి డాక్టర్ ఒక కంటి డాక్టర్! అమ్మ గబగబా ఫోన్ తీసింది. ఆవిడ వీడియో చివరి దాకా చూశారు. కంట్లో ఉన్నది యువైటిస్, అంటే కంటి లోపల వచ్చే వాపు అనీ, దానికీ నడుముకీ సంబంధం ఉండొచ్చనీ చెప్పి కీళ్లవాత జబ్బులు చూసే రుమటాలజిస్టుకి ఉత్తరం రాసిచ్చారు. హైదరాబాద్ వెళ్లి, నడుము కింద ఉండే సాక్రోఇలియాక్ కీళ్లకు ఎంఆర్‌ఐ, హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యువు కోసం రక్తపరీక్ష చేయిస్తే తేలింది, యాక్సియల్ స్పాండిలో ఆర్థరైటిస్ అని, అంటే వెన్నెముకలో, నడుము కింది కీళ్లలో వాపు వచ్చే జబ్బు. ఎక్స్‌రేలో కూడా కీళ్లు దెబ్బతిన్నట్టు తెలిసే దశకి వస్తే దాన్నే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు.

ఈ జబ్బు మొదలయ్యేదే చిన్న వయసులో, సాధారణంగా 45 లోపు. ఎక్స్‌రేలో కనిపించడానికి ఏళ్లు పట్టొచ్చు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఇందులో మామూలుగా నెగటివే, ఒంట్లో వాపు ఉందా అని చూసే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు కూడా కొందరిలో బాగానే ఉంటాయి. అంటే నాకు ఏమీ లేదనడానికి చూపించిన కాగితాల్లో ఒక్కటీ ఆ మాట చెప్పలేదు. "ఈ వయసులో ఏముంటుంది" అనే మాట డాక్టర్ల నోట రాకూడదని నేను గట్టిగా అంటాను. కీళ్ల జబ్బంటే ముసలివాళ్లదే అన్న నమ్మకం మన ఇళ్లలో ఉందంటే అర్థం చేసుకోవచ్చు, ఆస్పత్రిలో ఎందుకుండాలి?

మీ చెల్లికి ఇదే ఉందని నేను అనడం లేదు, అది డాక్టరే తేల్చాలి. కానీ "నొప్పిగా ఉంది" అనే మాటతో పని జరగదు. ఆ మాట ఆయన పొద్దుటి నుంచి వందమంది దగ్గర విని ఉంటారు. ఏ పని చేయలేకపోతోందో, ఎన్ని గంటలకో చెప్పండి. రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది, లేచాక ఎంతసేపటికి ఒళ్లు సర్దుకుంటోంది, పడుకుంటే తగ్గుతోందా తిరిగితే తగ్గుతోందా, ఏ బిళ్ల పనిచేసింది, కన్ను ఎర్రబడిందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, ఇవన్నీ ఒకే కాగితం మీద రాసి మీ చెల్లి చేతికే ఇవ్వండి, తననే మాట్లాడనివ్వండి. పొద్దుటి ఓపీ ఉంటే పొద్దున్నే వెళ్లండి. "ఏమీ లేదు" అంటే, "ఏయే జబ్బులు కాదని తేలింది సార్, ఇంకా ఏం చూడాలి?" అని అడగండి. రుమటాలజిస్టుకి రాసివ్వమని నోరు తెరిచి అడగండి. మేం అడగలేదు.

ఇప్పుడు నేను రోజూ వ్యాయామం చేస్తాను. మొదట నొప్పి, వాపు తగ్గించే నాప్రాక్సెన్ బిళ్లతో నెట్టుకొచ్చాను. తర్వాత టీబీ లేదని పరీక్ష చేసుకుని, రోగనిరోధక శక్తిని కొంత అణిచి వాపు తగ్గించే అడాలిముమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టాను. 2014 చివరి నుంచి మన దేశంలోనే తయారైంది అమ్ముతున్నారు కాబట్టి కొనగలుగుతున్నాం, అయినా బరువే.

వీడియో మాత్రం తప్పకుండా తీయండి. తీసేముందు మీ చెల్లిని అడగండి. మా అమ్మ అడగలేదు. ఆ ఒంగిన నడుముతో నన్ను నేను ఫోన్లో చూసుకుని, రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.