టాబ్లెట్ వేశానా, లేదా?

ప్రశ్న: పదో తరగతి చదువుతున్నాను. మాది గాజువాక. ఏడాది కిందట అమ్మకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మంచం దిగాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి. నాన్నవి షిఫ్టులు. పగలు నాయనమ్మ ఉంటుంది గానీ ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు. పొద్దున్న అమ్మ పనులు, టాబ్లెట్లు నావే. నాకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని సమస్య) ఉందని రెండేళ్ల కిందటే డాక్టరు చెప్పారు. క్లాసులో కూర్చున్నా అమ్మ పడిపోయిందేమో, టాబ్లెట్ వేశానో లేదో అని ఒకటే దడ. హోంవర్కు మర్చిపోతాను, రోజూ ఆలస్యం. బద్ధకం అంటున్నారు. ఇంటి సంగతులు బయట చెప్పొద్దని నాన్న అంటారు. ఏం చెయ్యను?

జవాబు: బద్ధకస్తులు తెల్లారకుండా లేచి తల్లికి సాయం చెయ్యరమ్మా. ఆ మాట పక్కన పెట్టు.

ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి ఒక పని చేస్తూ ఇంకోదాన్ని గుర్తుంచుకోవడం కష్టం. నువ్వేమో మందులు, నాయనమ్మ, బడి గంట, లెక్కలు అన్నీ తలలోనే మోస్తున్నావు. మరుపు అనుమానాన్ని తెస్తుంది, అనుమానం దడ తెస్తుంది, దడగా ఉంటే పాఠం ఎక్కదు. జ్ఞాపకశక్తి పెంచుకునే ప్రయత్నాలు ఇప్పుడు వద్దు. తలలో ఉన్నవాటిని కంటికి కనిపించే చోటికి మార్చాలి, కొన్నింటిని పెద్దవాళ్లకి అప్పగించాలి.

ముందు టాబ్లెట్లు. మందుల షాపులో వారానికి సరిపడే డబ్బా అడగండి. రోజుకి మూడు చొప్పున 21 గదులుంటాయి. నాన్న సెలవు రోజున డాక్టరు చీటీ చూస్తూ ఆయన నింపాలి, నువ్వు సరిచూడాలి. నింపే బాధ్యత నీ ఒక్కదానిదే కాకూడదు. టాబ్లెట్ వేశాక ఆ గది మూత తెరిచే వదిలెయ్యి. గడప దాటేముందు ఒక్క చూపు చూస్తే చాలు, వేశావో లేదో డబ్బాయే చెబుతుంది. కొన్ని టాబ్లెట్లు రేకులోంచి తీస్తే పాడవుతాయి. అవేవో షాపులో అడిగి, రేకుతో సహా కత్తిరించి పెట్టండి. ఇక్కడ జరిగే అసలు పొరపాటు, అనుమానంతో రెండోసారి వేసెయ్యడం. పక్షవాతం వచ్చినవాళ్లకి బీపీ మందులో, రక్తాన్ని పలచబరిచే మందులో ఇస్తుంటారు. అవి రెండింతలు పడకూడదు. వేశావో లేదో తెలియకపోతే వెయ్యకు, నాన్నకో డాక్టరుకో ఫోన్ చెయ్యి. నీకూ మందులుంటే వాటిని వేరే అలమరాలో పెట్టు.

పగటి భయానికి నాయనమ్మ చేతిలో బటన్ల ఫోన్ ఉండాలి. 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది, చూపు ఆనకపోయినా వేలికి తగులుతుంది. దాన్ని నొక్కి పట్టుకుంటే పక్కింటివాళ్లకి వెళ్లేలా నంబరు పెట్టండి. ఒకరోజు నాయనమ్మ చేత చేయించి చూడండి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి చెయ్యాలని పక్కింటివాళ్లకీ తెలిసి ఉండాలి. ఇది ఉంటే బడి నుంచి నువ్వు చెయ్యాల్సింది మధ్యాహ్నం భోజనాల వేళ ఒక్క ఫోనే. దడ వచ్చినప్పుడల్లా చెయ్యకు. చేసిన ప్రతిసారీ కాసేపు నెమ్మదిస్తుంది గానీ, ఫోన్ చేస్తే తప్ప తగ్గదని మనసుకి అలవాటవుతుంది. మధ్యలో దడ వస్తే నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదులు. అలా పదిసార్లు. మొదటి మూడుసార్లకే తగ్గలేదని ఆపెయ్యకు.

ఆ ఫోన్‌కి బడి ఒప్పుకోవాలి కాబట్టి క్లాసు టీచరుకి చెప్పక తప్పదు. ఇది ఇంటి గుట్టు కాదు, అమ్మ అనారోగ్యం. అన్నీ చెప్పనక్కర్లేదు. ఇంత రాసి నాన్న చేత సంతకం పెట్టిస్తే చాలు:

"మా అమ్మకి పక్షవాతం. ఉదయం ఆమె పనులు నేనే చూస్తాను. నాకు ఏడీహెచ్‌డీ ఉంది, డాక్టరు చీటీ జతచేశాను. భోజన విరామంలో ఆఫీసు నుంచి ఇంటికి ఒక ఫోన్, ముందు బెంచీలో చోటు, హోంవర్కు బోర్డు మీద రాసి ఉంచడం, ఉదయం పది నిమిషాల వెసులుబాటు ఇప్పించగలరు."

ఊరికే 'సాయం చెయ్యండి' అంటే ఏం చెయ్యాలో టీచరుకీ తోచదు, అందుకే నాలుగే అడిగాం. స్టాఫ్‌రూములో పదిమంది మధ్య కాకుండా విడిగా ఇవ్వు. పని జరక్కపోతే హెచ్‌ఎం దగ్గరికి నాన్న వెళ్లాలి.

చదువు సంగతి. 'సోషల్ చదవాలి' అనుకుంటే నువ్వు మొదలే పెట్టవు. 'ఈ పాఠంలో రెండు ప్రశ్నలు' అనుకో. పదిహేను నిమిషాలు చదివి ఐదు నిమిషాలు లే. ఫోన్‌లో టైమరు వద్దు, దాన్ని ముట్టుకుంటే ఇంకెక్కడో తేలతావు, గోడ గడియారం చాలు. ఎవరైనా పక్కన కూర్చుని వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నా ధ్యాస నిలుస్తుంది, కాబట్టి అమ్మ మంచం పక్కనే చదువు. పుస్తకాల సంచీ రాత్రే సర్ది చెప్పుల దగ్గర పెట్టు. రాత్రి అమ్మని లేపే పని ఉంటే నాన్న ఇంట్లో ఉన్న రోజుల్లో అది ఆయనదే. నిద్ర తగ్గితే ఏడీహెచ్‌డీ, దడ రెండూ పెరుగుతాయి.

డాక్టరుకి చూపించి రెండేళ్లయింది కదా, మళ్లీ వెళ్లాలి. ఏడీహెచ్‌డీకి వాడే కొన్ని మందులు కొందరిలో దడని పెంచుతాయి, ఆకలిని తగ్గిస్తాయి. వాడుతుంటే అదీ చెప్పు. నీ అంతట నువ్వు ఆపొద్దు. వాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు వింటేనే మనవాళ్లు జంకుతారు గానీ, ఇలాంటి సమస్యలకి వెళ్లాల్సింది అక్కడికే. రాత్రిపూట మనసు మరీ బాగోలేకపోతే 14416కి చెయ్యి, అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. 1098 హెల్ప్‌లైన్ పిల్లల కోసమే.

ఈ ఒక్క పేరా నాన్నకి చూపించు. అయ్యా, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రాష్ట్ర ప్రభుత్వం 2024లో నెల పింఛను 15,000 రూపాయలు చేసింది. సదరం ధ్రువపత్రం (వైకల్యాన్ని నిర్ధారిస్తూ ప్రభుత్వం ఇచ్చేది) కావాలి, మీ వార్డు సచివాలయంలో అడగండి. మంజూరైతే ఆ డబ్బుతో పొద్దున్న రెండు గంటలు ఒక ఆయాని పెట్టండి. అమ్మాయికి మార్చిలో పబ్లిక్ పరీక్షలు.