సీఏ, సీఎంఏ, ఏసీసీఏ: అమ్మాయిని ఎటు పంపాలి?

ప్రశ్న: మాది పరకాల. ఎరువుల దుకాణం నడుపుతున్నాను. మా పాప హనుమకొండలో ఇంటర్ సీఈసీ రెండో సంవత్సరం పరీక్షలు రాసింది. పదో తరగతి వరకు తెలుగు మీడియంలోనే చదివింది. సీఏ చేస్తానంటోంది. సీఏ పదేళ్లయినా పూర్తి కాదని, ఆడపిల్లను అన్నాళ్లు ఎలా ఉంచుతారని బంధువులు అంటున్నారు. హైదరాబాద్‌లో ఒక కాలేజీ వాళ్లు బీకాంతో పాటు ఏసీసీఏ మూడేళ్లలో పూర్తి చేయిస్తామని, ఉద్యోగం గ్యారంటీ అని, హాస్టల్‌తో కలిపి ఏడు లక్షల దాకా అవుతుందని చెప్పారు. సగం అప్పు తేవాలి. సీఏ, సీఎంఏ, ఏసీసీఏలలో ఏది మంచిదో పోల్చి చెప్పగలరు. పాప పెళ్లి సంగతి కూడా మేము చూసుకోవాలి కదా సార్.

జవాబు: ఇంటర్ పరీక్షలు ముగిసే ప్రతి ఏప్రిల్‌లోనూ ఈ ప్రశ్న నా దగ్గరకు వస్తుంది. అడిగేవారి ఊరు జనగామ కావచ్చు, ములుగు కావచ్చు, మంచిర్యాల కావచ్చు. అడిగేది మాత్రం ఒకటే. అకౌంట్స్, ఆడిట్ పనికి అర్హతనిచ్చే ఈ మూడు కోర్సులలో ఏది మంచిదని పైకి అడుగుతారు గానీ, లోపల ఉన్న భయం వేరు: పిల్ల ఫెయిలైతే ఏమిటి, పోయిన సంవత్సరాలు ఎవరు తెచ్చిస్తారు, నలుగురిలో మనం ఏమని చెప్పుకోవాలి అన్నదే ఆ భయం. కాబట్టి ముందు దానికి జవాబు చెప్పి, తరువాత కోర్సుల సంగతికి వస్తాను.

సీఏకి పదేళ్లు పడుతుందన్న మాట ఎక్కడి నుంచి పుట్టిందో నాకు తెలుసు. ఒక్కో గ్రూపు (కలిపి రాసే కొన్ని పేపర్లు) దగ్గర నాలుగైదుసార్లు ఆగిపోయినవారు ప్రతి ఊరిలోనూ ఒకరిద్దరు కనిపిస్తారు, వారినే అందరూ ఉదాహరణగా చూపిస్తారు. కానీ కోర్సు స్వరూపం మారింది. 2023 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త విధానంలో ఆర్టికల్‌షిప్, అంటే ఆడిట్ ఆఫీసులో పని నేర్చుకునే శిక్షణ, మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. సీఏలో మెట్లు మూడు: ఫౌండేషన్, ఇంటర్మీడియట్ (మీ పాప రాసిన ఇంటర్ కాదు), ఫైనల్. మొదటి రెండు పరీక్షలను 2024 నుంచి ఏడాదికి మూడుసార్లు పెడుతున్నారు కాబట్టి, ఒకసారి తప్పితే ఆరు నెలలు చేతులు కట్టుకుని కూర్చోవలసిన పని లేదు. ఫౌండేషన్‌కు నాలుగు నెలల చదువు, ఇంటర్మీడియట్‌కు ఎనిమిది నెలల చదువు, ఆ రెండు గ్రూపులూ అయ్యాక రెండేళ్ల ఆర్టికల్‌షిప్, అది ముగిసిన ఆరు నెలలకు ఫైనల్. అన్నీ తొలి ప్రయత్నంలో అయితే నాలుగేళ్లకు అటూఇటూ అవుతుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు ఆగినా అయిదారేళ్లు. ఇంజనీరింగ్‌కు నాలుగేళ్లు, ఆ తరువాత అమీర్‌పేటలో కోచింగ్‌కు మరో రెండేళ్లు అంటే నోరెత్తని బంధువులు సీఏ అనగానే క్యాలెండర్ ఎందుకు తీస్తున్నారో మీరే ఆలోచించండి.

అలాగని పరీక్ష సులభమని మిమ్మల్ని మభ్యపెట్టను. 2024, 2025లలో జరిగిన ఫౌండేషన్ పరీక్షలలో నూటికి సుమారు 15 నుంచి 21 మంది మాత్రమే ఉత్తీర్ణులయ్యారు. మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది మొత్తం మార్కుల దగ్గర. ప్రతి పేపరులో 40 తెచ్చుకోవడం ఒక్కటే చాలదు, నాలుగు పేపర్లూ కలిపి 400కి 200 రావాలి. అకౌంటింగ్‌లో 55, బిజినెస్ లాస్‌లో 44, క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్‌లో 41, ఎకనామిక్స్‌లో 48 తెచ్చుకున్న విద్యార్థి ప్రతి పేపరూ దాటినట్టే లెక్క, అయినా మొత్తం 188 కాబట్టి ఫెయిలే. ఇంటికొచ్చి ఆ మార్కులు చూపిస్తే, అన్నీ పాసైనట్టే ఉన్నాయి కదా, ఫెయిలంటావేమిటి అని తండ్రి కోప్పడడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను. ఆ పిల్ల చదవలేనిది కాదు, గట్టిగా వచ్చిన పేపరులో 55 దగ్గర ఆగకుండా 70 దాకా వెళ్లవలసింది, అంతే. మీ అమ్మాయిది గణితం లేని సీఈసీ కాబట్టి గణితం, గణాంకాలు, లాజికల్ రీజనింగ్ కలిసిన మూడో పేపరు ఆమెకు కష్టంగా ఉంటుంది. తప్పు జవాబుకు పావు మార్కు కోత కూడా ఉంది. ఇంటర్‌లో గణితం చదివిన ఎంఈసీ పిల్లలు ఆ పేపరులో లాగేసే మార్కులను ఈమె అకౌంటింగ్‌లో సంపాదించుకోవాలి. సాధ్యమే, సీఈసీ నుంచి వెళ్లి సీఏ అయినవారు మన హనుమకొండలోనే ఆఫీసులు నడుపుతున్నారు.

తెలుగు మీడియం గురించి మీరు ఒక వాక్యం రాసి వదిలేశారు, నిజానికి ఎక్కువగా ఆలోచించవలసింది అదే. సీఏ పరీక్ష ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయాలి, తెలుగులో లేదు. బిజినెస్ లాస్ పేపరులో సెక్షను చెప్పి, ఇచ్చిన సందర్భానికి దాన్ని అన్వయించి, తీర్పు ఏమిటో రాయాలి. దానికి గొప్ప ఇంగ్లీషు అక్కరలేదు. చట్టం మాటలు చట్టంలో ఉన్నట్టే వాడుతూ చిన్న చిన్న వాక్యాలు రాయగలిగితే చాలు. సీఏ పరీక్షలు పెట్టే ఇన్‌స్టిట్యూట్ పుస్తకంలోని ఒక ప్రశ్న తీసుకుని, పుస్తకం మూసి, జవాబు చేత్తో రాసి, అచ్చులో ఉన్న జవాబుతో పక్కపక్కన పెట్టి చూసుకోవడం రోజుకు రెండు ప్రశ్నల చొప్పున మూడు నెలలు చేస్తే, పదో తరగతి వరకు తెలుగులో చదివిన పిల్ల కూడా నిలదొక్కుకుంటుంది. వీడియోలు చూస్తూ తల ఊపితే మాత్రం ఈ పని జరగదు.

ఇక ఆ హైదరాబాద్ కాలేజీ సంగతి. ఈ నాలుగైదేళ్లలో వరంగల్, కరీంనగర్ పిల్లల తల్లిదండ్రుల దగ్గరకు బ్రోచర్లు పట్టుకుని వస్తున్నవారిని చూస్తే నాకు ఆందోళన కలుగుతోంది, దాన్ని దాచుకోవలసిన అవసరం లేదనుకుంటున్నాను. ఏసీసీఏ మోసం కాదు. 1904లో బ్రిటన్‌లో మొదలైన సంస్థ ఇచ్చే అర్హత అది, అనేక దేశాలలో గౌరవం ఉన్నది, హైదరాబాద్‌లోని బహుళజాతి సంస్థల అకౌంట్స్ కేంద్రాలలో ఆ చదువు ఉన్నవారిని తీసుకుంటున్నారు. నా అభ్యంతరం చదువు మీద కాదు, దాన్ని మీకు అమ్ముతున్న తీరు మీద. మొత్తం 13 పేపర్లు ఉంటాయి, బీకాం చదివినవారికి కొన్నింటి నుంచి మినహాయింపు దొరుకుతుంది. కానీ ఆ మినహాయింపుకు కూడా రుసుము ఉంది. రిజిస్ట్రేషన్, ఏటా కట్టవలసిన చందా, ప్రతి పేపరు పరీక్ష ఫీజు అన్నీ పౌండ్లలో లెక్క కడతారు. రూపాయి జారితే మీ ఖర్చు పెరుగుతుంది, పేపరు తప్పితే మళ్లీ పౌండ్లలోనే కట్టాలి. ఏడు లక్షలలో ఇవన్నీ కలిసే ఉన్నాయా, లేక అది కాలేజీ ఫీజు, హాస్టల్ వరకేనా? మీరు అడిగినట్టు నాకు కనిపించలేదు. పైగా మూడేళ్లలో పూర్తి చేయిస్తామన్నది పరీక్షల వరకే నిజం కావచ్చు. పరీక్షలన్నీ గట్టెక్కినా, 36 నెలల పని అనుభవం చూపిస్తే తప్ప సభ్యత్వం రాదు. ఈ మాట బ్రోచరులో పెద్ద అక్షరాలలో ఉండదు.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. మన దేశంలో కంపెనీల చట్టం కింద చేసే స్టాట్యుటరీ ఆడిట్ మీద, ఆదాయపు పన్ను చట్టం కోరే టాక్స్ ఆడిట్ మీద సంతకం చేసే హక్కు చార్టర్డ్ అకౌంటెంటుకే ఉంది. ఏసీసీఏ చేసిన అమ్మాయి రేపు పరకాలకో హనుమకొండకో తిరిగి వచ్చి సొంత ఆఫీసు పెట్టుకుని ఆడిట్లు చేస్తానంటే కుదరదు. ఎన్‌టీపీసీ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు ఫైనాన్స్ అధికారుల ఉద్యోగాలకు సాధారణంగా సీఏ లేదా సీఎంఏ అని అడుగుతాయి. విదేశాలకు వెళ్లాలన్న స్పష్టమైన ఉద్దేశం, తడుముకోని ఇంగ్లీషు, అప్పు లేకుండా ఫీజు కట్టగల ఇల్లు ఉన్న పిల్లలకు ఏసీసీఏ మంచి దారే. మీరు రాసినదాన్ని బట్టి ఈ మూడింటిలో ఒక్కటీ మీకు కనిపించడం లేదు. గ్యారంటీ ఉద్యోగం అన్నారు కాబట్టి, జీతం ఎంత, ఎన్నాళ్లలో ఇప్పిస్తారు, ఇప్పించకపోతే ఎంత డబ్బు వాపసు ఇస్తారు అన్నవి కాలేజీ ముద్రతో రాసిమ్మని అడగండి. రాసివ్వని పక్షంలో ఆ మాటను లెక్కలోకి తీసుకోకండి. యూరియా లోడుకు బిల్లు లేకుండా డబ్బు చెల్లించని మీరు, అమ్మాయి చదువు దగ్గర నోటిమాటకు అప్పు తేవడానికి ఎలా సిద్ధపడ్డారో నాకు అర్థం కాలేదు.

సీఎంఏ గురించి తక్కువే చెబుతాను. ఆ పేరుతో రెండు వేర్వేరు అర్హతలు ఉన్నాయి. ఒకటి 1959 నాటి చట్టం కింద పనిచేస్తున్న మన దేశపు కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ ఇచ్చేది; రెండోది అమెరికా సంస్థ ఇచ్చేది, రెండు భాగాల పరీక్ష. కాలేజీ వాళ్లు సీఎంఏ అన్నప్పుడు ఏదో తెలుసుకోండి. మన సీఎంఏకి జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి పరీక్షలు ఉంటాయి. గనులు, విద్యుత్తు, సిమెంటు, మందుల తయారీ వంటి పరిశ్రమలలో ఖర్చు లెక్కలు కట్టే ఉద్యోగానికి అది బాగా పనికివస్తుంది. సింగరేణి, రామగుండం చుట్టుపక్కల కుటుంబాల పిల్లలకు నేను దీన్ని తరచూ చెబుతుంటాను. సీఏ ఇంటర్మీడియట్ చదువుతుండగా ఆడిట్ మీద కంటే కాస్టింగ్ మీద ఇష్టం పెరిగితే అప్పుడు అటు మళ్లవచ్చు, చదివినది వృథా కాదు.

ఇప్పుడు మీ మీద నాకున్న ఫిర్యాదు. మీ ప్రశ్నలో ఫీజు ఉంది, బంధువుల మాట ఉంది, పెళ్లి ఉంది; అమ్మాయి సీఏ ఎందుకు చేస్తానంటోందో ఒక్క ముక్క లేదు. ఆమెను అడిగారా? దుకాణంలో మీ పక్కన కూర్చుని లెక్కలు రాసి రాసి ఇష్టం పెంచుకుందా, కామర్స్ లెక్చరర్ ఎవరైనా చెప్పారా, స్నేహితురాలు చేరుతోందని తానూ అంటోందా? ఆ జవాబును బట్టి నా సలహా కూడా మారవచ్చు. పెళ్లి తేదీని పరీక్షకు గడువుగా పెట్టిన ఇళ్లలో పిల్లలు ఎలా చదువుతారో నాకు తెలుసు. ప్రతి మాక్ టెస్టూ చివరి అవకాశంలాగా రాస్తారు, తెలిసిన ప్రశ్న దగ్గర కూడా చేయి వణుకుతుంది. దయచేసి ఆ మాట ఇంట్లో ఎత్తకండి. సీఏ ఇంటర్మీడియట్ పరీక్ష పాసై ఆర్టికల్‌షిప్‌లో ఉన్న అమ్మాయికి ఎంతో కొంత స్టైపెండ్ వస్తుంది, చేతిలో పని ఉంటుంది. ఆమె అప్పటికి ఇరవై ఏళ్ల పిల్ల. ఆలస్యమైపోయిందని ఎవరు అనగలరు?

ఆర్టికల్‌షిప్ అంటే మీకు చిత్రం స్పష్టంగా లేదేమో. హనుమకొండలోని ఒక ఆడిట్ ఆఫీసులో కొత్తగా చేరిన విద్యార్థిని రైస్ మిల్లు కొనుగోలు బిల్లులను ఒక్కొక్కటిగా జీఎస్టీ పోర్టల్‌లోని 2బీ పట్టికతో (అమ్మినవారు చూపిన బిల్లుల జాబితా) సరిచూస్తుంది. బిల్లు ఉండి పట్టికలో లేనివాటిని ఎర్ర పెన్నుతో గుర్తుపెడుతుంది. మార్చి నెలాఖరున జిన్నింగ్ మిల్లుకు వెళ్లి పత్తి బేళ్లను లెక్కపెట్టి స్టాకు రిజిస్టరుతో పోలుస్తుంది. ఇలా రెండేళ్లు గడిచేసరికి ఫైనల్ గట్టెక్కినా, మధ్యలో ఆగినా, ఆమెకు పని వస్తుంది. సీఏ ఇంటర్ పాసై ఆర్టికల్‌షిప్ పూర్తి చేసినవారికి అకౌంట్స్ విభాగాలలో గిరాకీ ఉంది. సంవత్సరాలు పోతాయన్న మీ భయానికి నా దగ్గరున్న గట్టి సమాధానం ఇదే.

కాబట్టి అప్పు తేకండి. అమ్మాయిని దోస్త్ (డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం) ద్వారా హనుమకొండలోనే బీకాంలో చేర్పించండి, పక్కనే ఫౌండేషన్‌కు రిజిస్టర్ చేయించండి. ఫౌండేషన్ రిజిస్ట్రేషన్ రుసుము దాదాపు 9,000 రూపాయలు, పరీక్ష ఫీజు 1,500 అదనం. ఫైనల్ దాకా ఇన్‌స్టిట్యూట్‌కు కట్టే మొత్తం, మళ్లీ మళ్లీ రాయవలసి రాకపోతే, లక్ష రూపాయలలోపే ఉంటుంది. ఇన్‌స్టిట్యూట్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ప్రత్యక్ష తరగతులు చెబుతోంది, పాఠ్యపుస్తకాలు, మాక్ టెస్ట్ పేపర్లు వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. వాటితో ఒక నెల చదివి చూశాక, ఏ పేపరుకు కోచింగ్ అవసరమో అమ్మాయే చెబుతుంది. మే 1లోగా రిజిస్టర్ అయితే సెప్టెంబరు పరీక్ష, సెప్టెంబరు 1లోగా అయితే జనవరి పరీక్ష రాయవచ్చు. గణితం లేని పిల్ల కాబట్టి, మే 1 దాటిపోయిందని కంగారు పడకుండా జనవరికి సిద్ధం కావడమే మేలని నా అభిప్రాయం. రెండుసార్లు రాశాక కూడా మొత్తం 150 దాటకపోతే అప్పుడు మళ్లీ నన్ను అడగండి, బీకాం ఎలాగూ చేతిలో ఉంటుంది.

దరఖాస్తు నింపడానికి పదో తరగతి మెమో, ఇంటర్ హాల్‌టికెట్ లేదా మెమో, ఆధార్, ఫొటో, సంతకం స్కాన్ చేసి దగ్గర పెట్టుకోండి. మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒక అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ముందే చూసి, తేడా ఉంటే ఆధార్‌ను సరిచేయించండి. ఫోను నంబరు, ఈమెయిల్ అడిగిన చోట నెట్ సెంటర్ వారివో మీవో ఇవ్వకండి. ఓటీపీలు, హాల్‌టికెట్ సమాచారం, ఫలితాలు అన్నీ రాబోయే సంవత్సరాల పాటు వాటికే వస్తాయి కాబట్టి, అమ్మాయి సొంత నంబరు, సొంత ఈమెయిల్ ఇచ్చి, దరఖాస్తును ఆమె చేతనే నింపించండి.