సమాధానం: పేరెంట్ లేని రిసెట్ రిక్వైర్‌మెంట్‌ను ట్రేస్ మ్యాట్రిక్స్‌లో ఎలా చూపాలి

విమానం బోర్డుకి ట్రేస్ మ్యాట్రిక్స్ (ఏ రిక్వైర్‌మెంట్ పైన దేన్నుంచి వచ్చింది, కింద ఏ డిజైన్‌కీ టెస్ట్‌కీ వెళ్లింది అని చూపే పట్టిక) కడుతుంటే ఒక రిసెట్ రిక్వైర్‌మెంట్‌కి పేరెంట్, అంటే పై స్థాయి రిక్వైర్‌మెంట్, కనపడట్లేదని, లింకుల్లో తేడా ఎక్కడుందని అడిగారు. తేడా మీ లింకుల్లో కాదండీ, ఆ రిసెట్ రిక్వైర్‌మెంట్‌లోనే ఉంది. "పవర్ వచ్చాక క్లాక్ స్థిరపడేదాకా అవుట్‌పుట్‌లు ఆఫ్‌లో ఉండాలి" అన్నది సిస్టమ్ వాళ్లు ఇచ్చింది కాదు, ఎఫ్‌పీజీఏ (మనకు కావాల్సిన సర్క్యూట్‌గా ప్రోగ్రామ్ చేసుకునే చిప్) ఎంచుకున్నాక మీ డిజైన్‌లోంచి పుట్టింది, అంటే డిరైవ్డ్. పేరెంట్ గడి ఖాళీగా ఉందని మీరు దాన్ని పక్కనున్న పవర్ రిక్వైర్‌మెంట్‌కి తగిలించారు, రివ్యూలో వెనక్కొచ్చింది. మా కోనసీమలో చేలో బోరు వేసుకుని, నీళ్లు ధవళేశ్వరం నుంచి కాలువలో వచ్చాయని లెక్క రాసినట్టుంది.

1. ఆ లింకు తీసేయండి. డిరైవ్డ్ అని గుర్తు పెట్టి, ఎందుకు అవసరమైందో రెండు లైన్లు రాయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. ఆ రిక్వైర్‌మెంట్‌ను సిస్టమ్ టీమ్‌కీ, సేఫ్టీ అసెస్‌మెంట్ చేసేవాళ్లకీ వెనక్కి పంపాలి, విమాన ఎలక్ట్రానిక్ హార్డ్‌వేర్‌కి ఉన్న ప్రమాణం డీఓ-254 అడిగేదీ అదే. రిసెట్ టైమ్‌లో ఆ అవుట్‌పుట్ ఆఫ్‌లో ఉంటే విమానానికి మంచిదో చెడ్డదో బోర్డు దగ్గర కూర్చున్న మనకి తెలియదు కదా. వాళ్లు చూసి ఒప్పుకున్నట్టు రికార్డు ఉండాలి. నేను ఫోన్‌లో మాట్లాడేసి ఊరుకున్నాను ఒకసారి, ఆడిట్‌లో సరిగ్గా అక్కడే దొరికిపోయాను.

3. కిందికి హెచ్‌డీఎల్ (చిప్‌లోని సర్క్యూట్‌ను వర్ణించే భాష) మాడ్యూల్, టెస్ట్ కేస్, ప్రొసీజర్, రిజల్ట్ దాకా లింకు చేయండి. దీనికి సిమ్యులేషన్ ఒక్కటే సరిపెట్టకండి, పవర్ నెమ్మదిగా పెంచుతూ బోర్డు మీద కూడా కొలవండి. పాడైతే ప్రమాదం అతి తీవ్రంగా ఉండే లెవెల్ ఏ, బీ అయితే డిజైన్ చేసినవాళ్లు కాక వేరేవాళ్లు వెరిఫై చేయాలి.